రైసు మిల్లులో దాగిన పేటెంటు కథ: మెషిన్ రీల్ పెట్టే ముందు ఒక్కసారి వినండి

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్లలో ఒకే రకం ప్రశ్న చాలామంది అడిగారు. అన్నీ కలిపితే ఇలా ఉంటుంది: "అన్నా, మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉంది. వడ్లు ఆరబెట్టే మెషిన్ ఒకటి సొంతంగా చేశాం, బాగానే పనిచేస్తోంది. దీనికి పేటెంటు వస్తుందా? ముందు వీడియో పెట్టి నాలుగు ఆర్డర్లు తెచ్చుకుని, తర్వాత పేటెంటు సంగతి చూసుకోవచ్చా?"

రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. వద్దు. అప్లికేషన్ పడి నంబరు చేతికొచ్చేదాకా వీడియో పెట్టొద్దు, రీల్ పెట్టొద్దు, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టొద్దు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఈ ఒక్క మాట పట్టుకెళ్లినా చాలు. ఎందుకు వద్దన్నానో తెలియాలంటే మాత్రం కాసేపు కూర్చోవాలి. పేటెంటు అంటే సర్టిఫికెట్టూ ఫ్రేమూ అనుకుంటారు చాలామంది. నిజానికి అదొక బేరం. ఏంటా బేరమో రైసు మిల్లులోకి వెళ్తే బాగా అర్థమవుతుంది. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

గుడివాడ, పామర్రు, ఉయ్యూరు, అటు తెనాలి, ఎటు వెళ్లినా మిల్లు కనిపిస్తుంది. కానీ అంతకుముందు మన ఇళ్లలో ఉన్నది రోలూ రోకలీ. ఆడవాళ్లు దంచి, చాటలో చెరిగి, నూకలు వేరు చేసి, మళ్లీ దంచేవారు. ఆనకట్ట వచ్చాక ఇక్కడ పండే వడ్లు ఎన్ని రోకళ్లయినా దంచలేనంత పెరిగాయి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది. ఆ 1855 తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు బ్రెజిల్ వెళ్దాం. అక్కడ పిరసికాబా అనే ఊళ్లో ఎవరిస్తో కొన్రాడో ఎంగెల్‌బర్గ్ అని ఒక ఇంజనీరు. ఆయన ఊరి చుట్టుపక్కల కాఫీ తోటలు. కాఫీ గింజకీ వడ్ల గింజకీ పైన పొట్టు ఉంటుంది, అది తీయడం పెద్ద పని. 1885లో ఆయన దానికొక యంత్రం కనిపెట్టాడు. తర్వాత అది అమెరికా చేరి, న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊళ్లో ఎంగెల్‌బర్గ్ హల్లర్ కంపెనీ పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయింది. మన పల్లెల్లో పెద్దవాళ్లు "హల్లర్ మిల్లు" అంటారే, ఆ హల్లర్ ఇదే.

లోపల ఏముంటుందో చూద్దాం. పోత ఇనుముతో చేసిన ఒక రోలర్, దాని మీద నిలువుగా గట్లు. చుట్టూ గొట్టంలాంటి కవచం. కింద సగం సన్నని చీలికలున్న జల్లెడ. పక్కన ఒక ఉక్కు పట్టీ, దాన్ని దగ్గరికి జరిపితే ఒత్తిడి పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. వడ్లు ఒక చివర పోస్తే, రోలర్ తిరిగే కొద్దీ గింజ గింజతో రాసుకుని, ఇనుముతో రాసుకుని, పొట్టు ఊడుతుంది. పాలిష్ కూడా అక్కడే అయిపోతుంది. అంతా ఒకే గదిలో. ఇంజనుకి ఒక బెల్టు తగిలిస్తే ఊరంతటికీ సరిపోయే మిల్లు.

చాలా మొరటు మెషిన్ అండీ, దాచేదేం లేదు. గింజ బాగా విరుగుతుంది, నూకలెక్కువ. ఊకా తవుడూ కలిసిపోయి పొడిగా బయటికొస్తాయి, దాంట్లోంచి నూనె తీద్దామంటే కుదరదు. కానీ రెండు గొప్ప గుణాలున్నాయి: ధర తక్కువ, బాగుచేయడం తేలిక. పాడైతే ఊరి కమ్మరో, పక్క టౌన్లో ఫౌండ్రీయో చూసుకునేది. ఎంగెల్‌బర్గ్ పేటెంటు గడువు తీరిపోయాక ఆ నమూనాని ఎవరైనా పోత పోసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన దేశంలో ఫౌండ్రీలు అదే చేశాయి. ఊరూరికీ మిల్లు రావడం వెనక ఇది కూడా ఉంది.

బేరం అంటే ఇదే. కనిపెట్టినవాడు తన యంత్రం గుట్టు మొత్తం, బొమ్మలతో సహా, ఎవరైనా చదివి చేసుకునేలా రాసి ఇవ్వాలి. బదులుగా ప్రభుత్వం కొన్నేళ్లపాటు "వేరేవాళ్లు దీన్ని చేయకూడదు, అమ్మకూడదు" అని చెప్పే హక్కు ఇస్తుంది. ఇప్పుడు మన చట్టంలో ఆ గడువు అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. ఆ తర్వాత అది అందరిదీ. మధ్యలో రెన్యువల్ ఫీజు కట్టకపోతే ఇంకా ముందే పోతుంది.

ఇందాక 1855 గుర్తుపెట్టుకోమన్నాను కదా. దాని మరుసటి ఏడాదే, 1856లో, మన దేశానికి మొదటి పేటెంటు చట్టం వచ్చింది. ఆ చట్టం కింద మొట్టమొదటి దరఖాస్తు కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఆయన పెట్టారు. దేనికో తెలుసా? పంకా లాగే యంత్రానికి! పైన గుడ్డ పంకా, కింద కూర్చుని తాడు లాగే మనిషి, ఆ మనిషి బదులు యంత్రం. మే నెలలో బెజవాడలో ఉన్నవాళ్లకి ఆ కష్టం నేను చెప్పక్కర్లేదు.

సరే, మిల్లులోకి మళ్లీ వద్దాం. హల్లర్ తర్వాత వచ్చినవి రబ్బరు రోళ్ల షెల్లర్లు. వీటిని బాగా ముందుకు తీసుకెళ్లింది జపాన్‌వాళ్లు. బియ్యం మెషినరీలో పెద్ద పేరైన సటాకే కంపెనీ మొదలైంది 1896లో, హిరోషిమా ప్రాంతంలో. షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా, ఇంకోటి కాస్త నెమ్మదిగా. గింజ మధ్యలోంచి పోయేటప్పుడు ఒకవైపు పొట్టుని ముందుకి, ఇంకోవైపు పొట్టుని వెనక్కి లాగినట్టవుతుంది. రెండు అరచేతుల మధ్య వేరుశెనగ పెట్టి రుద్ది పొట్టు తీస్తాం చూడండి, అలాంటిదే. గింజ మీద దెబ్బ తక్కువ, నూకలు తక్కువ. ఊక ఇక్కడే విడిపోతుంది. తర్వాత వేరే మెషిన్‌లో పాలిష్ పడుతుంది, అక్కడ తవుడు విడిగా వస్తుంది. విడిగా వచ్చిన తవుడుకి విలువుంది, ఎందుకంటే దాంట్లో నూనె ఉంది. మీ వంటింట్లో రైస్ బ్రాన్ ఆయిల్ ప్యాకెట్ ఉంటే అది ఈ మార్పు వల్ల వచ్చిందే.

లెక్క కూడా చూడండి. ప్రభుత్వానికి మిల్లర్లు బియ్యం ఆడి ఇచ్చేటప్పుడు 100 కిలోల వడ్లకి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. పాత హల్లర్‌తో ఆ లెక్క అందుకోవడం చాలా కష్టం. డెల్టా మొత్తం మీద ఒక్క శాతం నూక తగ్గినా ఎన్ని వేల బస్తాలో ఊహించుకోండి. మిల్లు మెషినరీలో చిన్న మార్పుకి కూడా పేటెంటు కోసం కంపెనీలు కొట్టుకునేది అందుకే.

ఇక్కడొక పక్క మాట. బియ్యం బస్తా మీద "సార్టెక్స్" అని రాసుంటుంది. చాలామంది అదేదో బియ్యం రకం అనుకుంటారు. కాదండీ. సార్టెక్స్ అనేది లండన్‌లో పుట్టిన ఒక కంపెనీ పేరు, ఇప్పుడు స్విట్జర్లాండ్ బ్యూలర్ కంపెనీ బ్రాండు. గింజలు జారుతుంటే కెమెరాలు చూస్తాయి, నల్ల గింజో రాయో కనిపిస్తే ఆ ఒక్కదాన్ని గాలి ఊది పక్కకి నెట్టేస్తుంది. ఇప్పుడు ఏ కంపెనీ కలర్ సార్టర్ అయినా మనవాళ్లకి సార్టెక్సే. పేరు మీద హక్కు ట్రేడ్‌మార్క్, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే ఎన్నేళ్లయినా ఉంటుంది. యంత్రం పనిచేసే తీరు మీద హక్కు పేటెంటు, అది 20 ఏళ్లకి పోతుంది. ఈ రెండూ కలిపేసి మాట్లాడొద్దు.

ఇప్పుడు అసలు విషయం. మన లేత్ షాపు తమ్ముడి డ్రయర్‌కి పేటెంటు వస్తుందా?

ముందు ఆ డ్రయర్ ఎందుకు అవసరమైందో చూద్దాం. డెల్టాలో ఇప్పుడు కోతలు మెషిన్లతో. మెషిన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. దాంతో రైతు వడ్లని రోడ్డు మీద పోసి ఆరబెడతాడు. సరిగ్గా అప్పుడే, నవంబరు డిసెంబరుల్లో, బంగాళాఖాతంలో వాయుగుండం పడుతుంది. పట్టాలు కప్పుకుంటూ, తీసుకుంటూ, రాత్రంతా రోడ్డు మీదే కాపలా. కాబట్టి డ్రయర్ ఆలోచన మంచిదే, కావలసినదే.

కానీ కావలసినది కావడం వేరు, కొత్తది కావడం వేరు. మన చట్టం మూడు అడుగుతుంది. ఒకటి, ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు బయటపడి ఉండకూడదు. రెండు, ఆ పని బాగా తెలిసిన మనిషికి "ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు" అనిపించేది కాకూడదు. మూడు, పరిశ్రమలో తయారు చేయడానికో వాడడానికో పనికిరావాలి. మూడోది సమస్య కాదు. మొదటి రెండింటి దగ్గరే మనవాళ్లు పడిపోతారు.

ఊక కాల్చి వేడి గాలి పంపి వడ్లు ఆరబెట్టడం పాత సంగతి. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ పేరు మీదే ఎల్‌ఎస్‌యూ డ్రయర్ అని ఒకటుంది, మన మిల్లుల్లో చాలాచోట్ల ఆ నమూనానే. "వేడి గాలి, ఫ్యాను, డబ్బా" అని అప్లికేషన్ రాస్తే పరీక్షించే ఆఫీసరు పది పాత పేటెంట్లు ముందు పెడతాడు. అయితే వడ్లు ఆరబెట్టడంలో నిజంగా కష్టమైన సమస్య ఒకటుంది. త్వరగా ఆరబెడితే గింజ పైభాగం ఎండిపోయి లోపల తడి అలాగే ఉంటుంది, ఆ తేడాకి గింజ లోపల సన్నగా పగుళ్లొస్తాయి. కంటికి కనపడవు. మిల్లులో వేశాక నూకలై బయటపడతాయి. అందుకే కాసేపు వేడి, కాసేపు విశ్రాంతి, మళ్లీ వేడి, ఇలా చేస్తారు. ఆ విశ్రాంతిని తక్కువ ఖర్చుతో, ట్రాక్టరు వెనక లాక్కెళ్లే చిన్న మెషిన్‌లో, ఎవరూ చేయని పద్ధతిలో మీరు చేశారా? అయితే అక్కడ మీ పేటెంటు ఉండొచ్చు. డబ్బా ఆకారంలో కాదు, రంగులో కాదు. ఆ ఒక్క చోట.

దీని గురించి సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, ఆటోనగర్‌లో పనిచేసే ప్రతి ఒక్కరూ వినాల్సిన కేసు. 1978లో వచ్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందూస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్, ఈ రెండూ ఉత్తరప్రదేశ్ మిర్జాపూర్‌లో గిన్నెలు తయారు చేసే సంస్థలు. గిన్నెని లేత్ మీద తిప్పుతూ మెరుగు పెడతారు కదా. పాత పద్ధతిలో గిన్నె ఊడి ఎగిరి పనివాడికి తగిలే ప్రమాదం ఉండేది. హిందూస్తాన్ మెటల్ వాళ్లు టెయిల్‌స్టాక్ వైపు నుంచి ఒక స్పిండిల్‌తో గిన్నెని నొక్కిపట్టే ఏర్పాటు చేసి పేటెంటు తీసుకున్నారు. అవతలివాళ్లు అదే చేశారని కోర్టుకెళ్లారు. కేసు ఏళ్లకేళ్లు నడిచింది. చివరికి సుప్రీంకోర్టు ఏమందంటే, టెయిల్‌స్టాక్‌తో నొక్కిపట్టడం లేత్ పని తెలిసినవాళ్లకి కొత్త కాదు, ఇది వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే మెరుగుదల, కొత్త ఆవిష్కరణ కాదు. పేటెంటు రద్దయింది.

ఆలోచించండి. ఆ మార్పు పనికొచ్చేదే. పనివాడి చెయ్యి కాపాడేదే. అయినా పేటెంటు నిలబడలేదు. ఆటోనగర్‌లో రోజూ జరిగే పనిలో తొంభై పాళ్లు ఇలాంటిదే. లారీ బాడీ కట్టేటప్పుడు ఒక బ్రాకెట్ ఇటు మారుస్తారు, ఒక బేరింగ్ అటు పెడతారు, మెషిన్ బాగవుతుంది. దానికి విలువ లేదని ఎవరన్నారు? విలువుంది, పేటెంటు లేదు, అంతే. చైనా, జపాన్, జర్మనీల్లో ఇలాంటి చిన్న మెరుగుదలలకి యుటిలిటీ మోడల్ అని వేరే హక్కు ఉంది, తక్కువ ఏళ్లు, తేలికైన పరీక్ష. మన దేశంలో లేదు. ఉండాలని నా అభిప్రాయం. ఆటోనగర్‌లాంటి చోట్లకి కొలిచి కుట్టినట్టు సరిపోయేది అది.

అలాగని నిరాశపడొద్దు. పెద్ద చదువు లేకపోయినా పేటెంటు తెచ్చుకున్న మనిషి మన తెలుగు నేల మీదే ఉన్నారు. డెల్టా దాటి తెలంగాణ వైపు, ఆలేరు దగ్గరికి వెళ్లాలి. చింతకింది మల్లేశం గారు. సినిమా చూసే ఉంటారు, 2019లో ప్రియదర్శి చేశాడు. పోచంపల్లి తరహా చీర నేసే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో పైకీ కిందికీ తిప్పుతూ చుట్టాలి, ఒక్క చీరకి 9,000 సార్లు. వాళ్లమ్మ లక్ష్మి గారు ఆ పని చేసీ చేసీ భుజం పోగొట్టుకున్నారు. బడి మధ్యలోనే మానేసిన ఈయన 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. చివరి చిక్కుముడి ఎలా విడిందంటే, హైదరాబాద్ బాలానగర్‌లో పనికెళ్లినప్పుడు అక్కడ వేరే యంత్రం ఒకటి కదిలే తీరు చూశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నర, రెండు గంటలకి దిగింది. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

మిర్జాపూర్ గిన్నెల లేత్‌కీ దీనికీ తేడా గమనించారా? అక్కడ ఉన్న భాగాన్ని ఉన్న పనికే వాడారు. ఇక్కడ మనిషి చెయ్యి తప్ప ఇంకేదీ చేయని పనిని యంత్రం చేత చేయించారు. వేరే యంత్రం కదలిక చూసి ఆలోచన తెచ్చుకుంటే తప్పు కాదు. దాన్ని ఎవరూ ఊహించని చోట అతికించడమే అసలు పని.

మల్లేశం గారిలాంటి వాళ్లకి దారి చూపేవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాద్‌లో పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్లు తిరిగి ఇలాంటి మనుషుల్ని వెతుకుతుంది. గుజరాత్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది, కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద 2000లో పెట్టారు. చదువుకోని, కంపెనీల్లేని ఆవిష్కర్తలకి పేటెంటు పని చేసిపెట్టడం వాళ్ల బాధ్యతల్లో ఒకటి. మీ నాన్నగారు ఆ కోవలోకి వస్తే లాయరు దగ్గరికి వెళ్లే ముందు వీళ్లని అడగండి.

ఇప్పుడు వీడియో సంగతి. మొదటి షరతు ఏంటి? ఎక్కడా బయటపడి ఉండకూడదు. "ఎక్కడా" అంటే మీ సొంత ఛానెల్ కూడా. మీ మెషిన్ లోపల ఎలా పనిచేస్తుందో చూపిస్తూ మీరే రీల్ పెడితే, ఆ రీల్ మీ అప్లికేషన్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం. తేదీతో సహా ఉంటుంది. తర్వాత డిలీట్ చేసినా ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టినా ఏడాది వెసులుబాటు ఉంది. ఇంటర్నెట్‌లో అది చదివి చాలామంది మనకీ ఉందనుకుంటారు. మన చట్టంలో వెసులుబాట్లు చాలా ఇరుకు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో పెట్టడం, పండిత సంఘాల్లో పేపరు చదవడం, జనం మధ్య నడిపితే తప్ప పరీక్షించలేని యంత్రాన్ని ట్రయల్ కోసం నడపడం, ఇలాంటి వాటికే, అదీ ఏడాది లోపు అప్లికేషన్ పెడితేనే. కాలేజీ టెక్ ఫెస్ట్ వీటిలోకి వస్తుందని ధీమాగా ఉండొద్దు. ఆర్డర్ల కోసం పెట్టిన రీల్ అయితే అసలు రాదు.

మరి పొలంలో పరీక్షించాలి కదా, రైతుకి చూపించాలి కదా? చూపించండి. కానీ తెలిసినవాళ్లకి, "బయట చెప్పకూడదు" అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని చూపించండి. ఫోన్లు జేబులో ఉండాలి. వెల్డింగ్‌కి బయటివాళ్లకి ఇచ్చినా ఇదే పద్ధతి. మనవాళ్ల దగ్గర సంతకం అడగడం మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. బాబాయ్ వరసయ్యే మనిషిని కాగితం మీద సంతకం పెట్టమంటే ఏమనుకుంటాడో అని. అనుకోనివ్వండి.

డబ్బు సంగతి. అందరూ లక్షలవుతుందని భయపడతారు. వ్యక్తిగా మీరే ఆన్‌లైన్లో పెడితే అప్లికేషన్ ఫీజు 1,600 రూపాయలు. పరీక్షించమని అడగడానికి ఇంకో 4,000. లాయరు, డ్రాయింగులు వేరే. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి, కానీ చెన్నై వెళ్లక్కర్లేదు. పైగా మెషిన్ పూర్తిగా తయారవ్వాల్సిన పని కూడా లేదు. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ అని ఉంది. ఆలోచన ఏంటి, ఎలా పనిచేస్తుంది, బొమ్మ, ఇవి రాసి ముందు తేదీ పట్టుకోవచ్చు. అక్కడి నుంచి 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ అప్లికేషన్ పోయినట్టే. ఇంకో సంగతి, ప్రొవిజనల్‌లో రాయని కొత్త భాగానికి ఆ పాత తేదీ రాదు. రెండు పేజీలు గీకి పడేయకుండా మీకు తెలిసినదంతా రాయండి.

పూర్తి స్పెసిఫికేషన్‌లో చివర క్లెయిమ్స్ ఉంటాయి. పేటెంటు ప్రాణం అక్కడ. పొలానికి సరిహద్దు రాళ్లలాంటివి. ఒక ఉదాహరణ చెప్తా. ఎవరిదో క్లెయిమ్ ఇలా ఉందనుకోండి: "రెండు రబ్బరు రోళ్లు, వేర్వేరు వేగాలు, రబ్బరు అరిగే కొద్దీ మధ్య సందుని దానంతటదే సరిచేసే గాలి సిలిండర్." మీరు రెండు రోళ్లూ పెట్టి, సందుని చేత్తో తిప్పే చక్రంతో సరిచేస్తున్నారు. మామూలుగా అది ఆ క్లెయిమ్‌లో పడదు, ఎందుకంటే క్లెయిమ్‌లో ఉన్న భాగాలన్నీ మీ మెషిన్‌లో ఉండాలి. అందుకే క్లెయిమ్‌లో అనవసరమైన భాగాలు ఎన్ని రాస్తే మీ హక్కు అంత చిన్నదవుతుంది. నాలుగు అంగుళాల పైపు అని రాశారంటే పక్కవాడు ఐదు అంగుళాల పైపు పెట్టుకుని దర్జాగా అమ్ముకుంటాడు. ఫీజు మీరే కట్టుకోండి, ఫారాలు మీరే నింపుకోండి, కానీ క్లెయిమ్స్ మాత్రం తెలిసిన పేటెంట్ ఏజెంటు చేత రాయించండి. డబ్బు పెట్టదగ్గ చోటు అదొక్కటే అంటాను.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి, కొంతమందికి కోపం రావచ్చు. "మా సార్‌కి పేటెంటు వచ్చింది" అని కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చదివితే "పబ్లిష్డ్" అని ఉంటుంది. అప్లికేషన్ పెట్టిన 18 నెలలకి పేటెంట్ ఆఫీసు దాన్ని జర్నల్‌లో ప్రచురిస్తుంది, ఫీజు కడితే ఇంకా ముందే. అప్పటికి ఎవరూ దాన్ని పరీక్షించనే లేదు. పబ్లిష్ అవడం అంటే పరీక్ష రాయడానికి హాల్ టికెట్ రావడం. గ్రాంట్ అవడం అంటే పాసవడం. హాల్ టికెట్‌కి ఫ్లెక్సీ కట్టించుకుంటే ఏం చేస్తాం?

చివరిగా మీ ఫోన్లో చేయాల్సిన పని ఒకటుంది, నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఇదే ఎక్కువ ఇష్టం. గూగుల్ పేటెంట్స్ ఓపెన్ చేయండి, ఉచితం. ఎంగెల్‌బర్గ్ పేరు కొట్టండి, హల్లర్ అని కొట్టండి. వందేళ్ల కిందటి డ్రాయింగులు, ఏ భాగం ఎక్కడ, ఎందుకు, అన్నీ కనిపిస్తాయి. వడ్ల పొట్టు తీయడం, పాలిష్ పట్టడం, ఇలాంటి వాటికి ప్రపంచమంతా ఒకే కోడ్ ఉంది, బీ02బీ. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ కోడ్ కొడితే జపాన్, చైనా, అమెరికా మెషిన్లన్నీ వరసగా వస్తాయి. జపాన్ భాషలో ఉన్నవి కూడా అనువాదంతో చదవొచ్చు. గడువు తీరినవి మీరు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇంకో సంగతి, పేటెంటు దేశం దేశానికీ వేరు. జపాన్‌లో మాత్రమే తీసుకుని, గడువులోపు మన దేశంలో అప్లై చేయని దానికి ఇక్కడ హక్కు లేదు. ఇక్కడ చేసి ఇక్కడ అమ్ముకోవచ్చు, జపాన్‌కి పంపకూడదు. పంపే ముందు, మొదలుపెట్టే ముందు, మన దేశంలో దానికి సజీవమైన పేటెంటు ఉందో లేదో మన పేటెంట్ ఆఫీసు సైట్‌లో తప్పకుండా చూసుకోవాలి.

అందుకని లేత్ షాపు తమ్ముడూ, ఈ వారం నీ పని ఇది. రెండు రాత్రులు కూర్చుని డ్రయర్ పేటెంట్లు ఒక ముప్పై చదువు. నీ మెషిన్‌లో ఉన్న మలుపు వాటిలో దేంట్లోనూ లేకపోతే, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని అది ఎలా పనిచేస్తుందో తెలుగులో రాయి, ఇంగ్లీషు తర్వాత చేయించొచ్చు. నిజంగా కనిపెట్టింది ఆయనైతే ఇన్వెంటర్ గడిలో ఆయన పేరే ఉండాలి, నీది కాదు. ప్రొవిజనల్ పెట్టు. నంబరు వచ్చిన రోజు రీల్ నీ ఇష్టం, మమ్మల్ని ట్యాగ్ చెయ్యి, మేం షేర్ చేస్తాం. ఒకవేళ ఆ మలుపు పాత పేటెంట్లలో దొరికేసిందనుకో, అదీ మంచిదే, గడువు తీరిందో లేదో చూసుకుని రేపే అమ్మకం మొదలుపెట్టొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కొండపల్లి బొమ్మల జీఐ ట్యాగ్ గురించి మాట్లాడుకుందాం. దానికీ పేటెంటుకీ తేడా ఏంటని ఇప్పటికే పదిమంది అడిగారు. మీ ప్రశ్నలు కింద పెట్టండి. మెషిన్ ఫోటోలు మాత్రం పెట్టకండి, ప్లీజ్.